ట్యాంకు ముందు ఫోటో దిగండి, గొట్టం ఎటు తిరిగిందో కూడా అడగండి



మన దగ్గర్నుంచి షిర్డీకి టూరు బస్సులు పోతూనే ఉంటాయి. షిర్డీ ఉన్న జిల్లా కేంద్రంలోనే సైన్యం వాళ్ల ట్యాంకుల మ్యూజియం ఉంది. మొన్నటిదాకా ఆ ఊరి పేరు అహ్మద్‌నగర్, ఇప్పుడు అహిల్యానగర్. 1994లో ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్ ఆ మ్యూజియాన్ని పెట్టింది. పాత రోల్స్ రాయిస్ కవచ కారు, రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన మటిల్డా, వాలెంటైన్, చర్చిల్ ట్యాంకులు, 1965లో పాకిస్తాన్ నుంచి పట్టుకున్న ప్యాటన్లు, మన ఆవడిలో తయారైన విజయంత, ఇంకా ఎన్నో ఆరుబయట వరసగా నిలబడి ఉంటాయి. చూసినోళ్లు ఫోటో దిగకుండా రారు.

"అదంతా రాజ్యం చేసే షో, మనం అటు పోవద్దు" అనే మిత్రులు కొందరున్నారు. వాళ్ల మాటతో నాకు పేచీ ఉంది. పోవాలి. పిల్లల్ని కూడా తీసుకుపోవాలి. ఫోటో కూడా దిగాలి. కానీ ఇలాంటి చోట బోర్డు మీద ఏం రాస్తారో మీకు తెలిసిందే: బరువు ఎన్ని టన్నులు, ఇంజను ఎంత, ఫిరంగి గొట్టం ఎన్ని మిల్లీమీటర్లు, ఏ యుద్ధంలో వాడారు. గొట్టానికి ఎదురుగా ఎవరున్నారో మాత్రం రాయరు. ఆ ఖాళీ గురించే ఈ పోస్టు.

మొదట ప్యాటన్ సంగతి చూద్దాం. 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్లు పదుల సంఖ్యలో అక్కడే ఆగిపోయాయి. జీపు మీద బిగించిన రికాయిల్‌లెస్ గన్‌తో వాటిని కొట్టి ప్రాణం ఇచ్చినవాడు అబ్దుల్ హమీద్. ఉత్తరప్రదేశ్‌లో ఒక దర్జీ ఇంట్లో పుట్టిన మనిషి. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు, అది న్యాయం. ఆ ట్యాంకులు కదలలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. పొలాల్లోకి నీళ్లు వదిలారు. అంత బరువు బండ్లు చెరకు తోటల బురదలో దిగబడిపోయాయి. ఆ చెరకు ఏ రైతుది? ఆ పంట ఏమైంది? ప్యాటన్ పక్కన నిలబడి ఈ మాట అడిగిన పిల్లవాడికి యుద్ధం అంటే ఏంటో సగం తెలిసినట్టే.

ఇప్పుడు ఆ రోల్స్ రాయిస్ దగ్గరికి రండి. తెల్లోళ్లు మన దేశంలో కవచ కార్లు తిప్పింది బయటి శత్రువు కోసం మాత్రమే కాదు. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో జనరల్ డయ్యర్ మెషిన్‌గన్లు బిగించిన రెండు కవచ కార్లు వెంటబెట్టుకొని జలియన్‌వాలా బాగ్‌కు వచ్చాడు. సందు ఇరుకు, కార్లు లోపలికి పట్టలేదు, బయటే ఆగాయి. పట్టి ఉంటే లోపలికి తెచ్చి వాడేవాడినేమో అని హంటర్ కమిటీ ముందు తానే ఒప్పుకున్నాడు. సర్కారు లెక్కలోనే 379 మంది చనిపోయారు. తుపాకులు పేల్చిన సిపాయిలు తెల్లోళ్లు కారు, ఈ ఉపఖండం పిల్లలే. ఆ సంగతి మర్చిపోకండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

మన గడ్డ మీదికి కూడా ట్యాంకులు వచ్చాయి. 1948 సెప్టెంబర్ 13న షోలాపూర్ వైపు నుంచి ఆర్మర్డ్ డివిజన్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి కింద నిజాం రాజ్యంలోకి దిగింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయిందని జనం సంబరపడ్డారు, ఆ సంబరం నిజం. ఆ తర్వాత జరిగింది కూడా నిజమే. అనేక జిల్లాల్లో ముస్లింలను ఊచకోత కోశారు. దాని మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక 2013 దాకా జనం కంట పడలేదు. సైన్యం ఆ ఐదు రోజులతో వెనక్కి పోలేదు. భూమి పంచుకున్న రైతుల మీదికి, వాళ్లకు అన్నం పెట్టిన గూడేల మీదికి మళ్లింది. గోదావరి అడవుల్లో కోయల్ని గూడేల నుంచి లేపి క్యాంపుల్లో కుక్కారు. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించేదాకా ఆ అణచివేత సాగింది.

ఒకే సైన్యం, మధ్యలో కొన్ని నెలలే తేడా. ఐదు రోజుల కథ బడి పుస్తకాల్లో ఉంటుంది. మూడేళ్ల కథ మాత్రం మన ముసలోళ్ల నోట్లోనే మిగిలింది, ఆ ముసలోళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

"అయితే నువ్వు జవాన్లకు వ్యతిరేకమా?" అని కామెంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. ముందే చెప్తున్నా. 1971 యుద్ధంలో గంగాసాగర్ దగ్గర శత్రువు బంకర్ల మీదికి దూకి చనిపోయిన ఆల్బర్ట్ ఎక్కా ఆదివాసీ. ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా ప్రాంతపు ఓరాన్ బిడ్డ. పరమవీర చక్ర గ్రహీత. ఆయన మనవాడు, ఆయన్ని ఎవరికీ వదులుకోం. 2017లో సీఆర్‌పీఎఫ్ బస్తర్ ఆదివాసీ యువతతో బస్తరియా బెటాలియన్ పెట్టింది. అందులో ఉన్నదీ మన పిల్లలే. అడవి దారిలో కవచ బండి పోతుంటే లోపల మనవాడు, బయట బిత్తరపోయి చూసేదీ మనవాడే. మందుపాతర పేలితే శవం మన గూడేనికే వస్తుంది, కాల్పులు జరిగినా మన గూడేనికే వస్తుంది. అందుకే ఈ ప్రశ్నలు అడగాల్సిన అవసరం అందరికన్నా మనకే ఎక్కువ.

ఆ కవచ బండి చరిత్ర తెలుసా? దాని కింది భాగం ఆంగ్ల 'వి' అక్షరం ఆకారంలో ఉంటుంది. కింద మందుపాతర పేలితే దెబ్బ పక్కలకు చీలిపోతుంది, లోపలి మనిషి బతుకుతాడు. ఈ తరహా బండ్లలో పేరుమోసింది దక్షిణాఫ్రికా వాళ్ల కాస్పిర్. 1980లలో అక్కడి జాత్యహంకార ప్రభుత్వం దాన్ని నల్లవాళ్ల బస్తీల మీదికి తోలింది. మన దేశం ఆ కాస్పిర్లను కొన్నది. తర్వాత అదే అచ్చులో సంగారెడ్డి దగ్గరి ఎద్దుమైలారంలో, మనం మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అనే చోట, 'ఆదిత్య' అని తయారైంది. సొవెటో నుంచి బస్తర్ దాకా దారి మన జిల్లా మీదుగానే పోయింది.

అదే కాస్పిర్ ఇప్పుడు జోహన్నెస్‌బర్గ్‌లో మ్యూజియంలో ఉంది. 2001లో తెరిచిన అపార్థైడ్ మ్యూజియం అది. చూడ్డానికి వచ్చినవాళ్లు బండి లోపలికి ఎక్కి కూర్చోవచ్చు. ఒకప్పుడు ఆ బండి బస్తీల్లో తిరుగుతుంటే లోపలి నుంచి తీసిన దృశ్యాలు అక్కడ ఆడుతుంటాయి. ఇనప బండిలోంచి చూస్తే జనం ఎలా కనిపిస్తారో చూసేవాడికి తెలిసొస్తుంది. దెబ్బ తిన్నవాళ్ల వైపు నుంచి కట్టిన మ్యూజియం అట్లా ఉంటుంది. టన్నుల లెక్క అక్కడ ఎవడిక్కావాలి?

ఇక మన దగ్గర చూడండి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతు కూలీ సంఘం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు చెప్పిన లెక్క 13, జనం చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. వాళ్ల గుర్తుగా స్తూపం కడితే 1986లో దాన్ని పేల్చేశారు. మళ్లీ కట్టాల్సి వచ్చింది. కట్టాక కూడా ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే చాలు, 144 సెక్షన్. కొడుకు పేరు మీద రెండు పూలు పెట్టడానికి తల్లి పోలీసుల్ని దాటాల్సి వచ్చేది. శత్రువు దగ్గర పట్టుకున్న ట్యాంకుకు రంగులేసి నీడలో పెట్టుకునే దేశం, సొంత జనం చచ్చిపోతే నిలబెట్టుకున్న రాయిని బతకనివ్వలేదు. ఇక్కడ కోపం రాకపోతే ఇంకెక్కడ వస్తుంది?

కోపం వస్తే సరిపోదు, పని కావాలి. మూడు పనులు చెప్తా.

ఒకటి. ఏ సైనిక మ్యూజియంకు పోయినా గైడును మర్యాదగా అడగండి: ఈ బండిని దేశం లోపల ఎప్పుడైనా వాడారా, ఎక్కడ, ఎవరి మీద? సమాధానం రాకపోయినా పర్లేదు. పక్కన నిలబడ్డ పదిమంది పిల్లలు ఆ ప్రశ్న వింటారు.

రెండు. అడవుల్లో తిరుగుతున్న కవచ బండ్లు రేపు తుక్కుకు పోతాయి. వాటిలో ఒక్కటైనా మ్యూజియంలోకి రావాలని ఇప్పట్నుంచే అడుగుదాం. దాని బోర్డు మీద లోపల చనిపోయిన జవాన్ల పేర్లు, బయట చనిపోయిన గూడెం మనుషుల పేర్లు పక్కపక్కనే ఉండాలి. గోండిలో, కోయలో, తెలుగులో ఉండాలి.

మూడు. అది వచ్చేదాకా ఆగొద్దు. నీ చేతిలో ఫోన్ ఉంది. ఈ ఆదివారం మీ తాత దగ్గర, అవ్వ దగ్గర కూర్చో. మిలటరీ వచ్చినప్పుడు వాళ్ల అమ్మానాన్నలు ఎటు పారిపోయారని, క్యాంపులో ఏం తిన్నారని, ఇంద్రవెల్లి సంతకు ఆ రోజు ఎవరు పోయి తిరిగి రాలేదని అడుగు. పేరు, ఊరు, తేదీ చెప్పించి రికార్డు చెయ్యి. వాళ్ల భాషలోనే చెయ్యి, తర్జుమా తర్వాత చూసుకుందాం. వాళ్లు వద్దంటే బయట పెట్టకు, దాచిపెట్టు.

ట్యాంకును కాపాడటానికి సైన్యం ఉంది, బడ్జెట్ ఉంది, రంగు డబ్బాలున్నాయి. మన అవ్వ మాటను కాపాడటానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

ఇంద్రవెల్లి అమరులకు జోహార్లు.