కర్ర పాడుతుందా?

మా మేనకోడలు సెలవులకు వచ్చి, "మామయ్యా, ఉకులేలే కొనిపెట్టరూ" అంది. నాలుగు తీగల బుల్లి గిటారు అది. కొట్లో రెండు చూసివచ్చిందట. ఒకటి మహాగని కర్రది. రెండవది కోవా కర్రది, ధర మూడు రెట్లు! "కోవా అయితేనే పలుకుతుందట" అని దాని పట్టు. "పలికించేది వేళ్లా, కర్రా?" అని మా బావగారు విసుక్కున్నారు. తీర్పు నా నెత్తిన పడింది.

కోవా అనగానే నోరూరనక్కరలేదు. అది హవాయి దీవులలో మాత్రమే సహజంగా పెరిగే చెట్టు. మన తుమ్మకు దూరపు చుట్టం. 1879లో మడీరా దీవి నుంచి ఓడలో హొనొలూలూ చేరిన వలసవారిలో నూనెజ్, డయాస్, ఎస్పిరిటో శాంటో అనే ముగ్గురు వడ్రంగులున్నారు. తమ దీవి వాద్యాన్ని వాళ్లు అక్కడి కోవాతో చేయసాగారు. అలా పుట్టింది ఉకులేలే. మన బొబ్బిలి వీణకు పనస ఎలాగో, దానికి కోవా అలాగన్నమాట.

మరి కర్ర మహిమ ఉత్తదేనా? కాదు. ఒట్టి తీగ మోత పక్కవాడికి వినిపించదు. ఆ అదురు పైపలకకు చేరి, పలక గాలిని కదిలిస్తేనే నాదం. అందుకే పైపలక కర్రకు అంత ప్రాధాన్యం. స్ప్రూస్ తేలికైనది, బిగువైనది; మీటగానే ఖంగుమంటుంది. మహాగని పలుకు మెత్తన. కోవాది ఆ రెంటికీ నడిమి దారి అంటారు. అయితే ఒకే చెట్టు పలకలు రెండు ఒక్కలా పలకవు. పలకను ఎంత పలచన చేయాలో ఎరిగిన పనివాడి చెయ్యి కూడా అందులో ఉంటుంది.

వీపు, పక్కల కర్ర సంగతి వేరు. 2018లో ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వారు, ఆ కర్ర మాత్రమే వేరుగా ఉన్న ఆరు గిటార్లను 52 మంది వాద్యకారుల చేత వాయింపించారు. మసక వెలుతురు, కళ్లకు వెల్డింగు అద్దాలు! ఖరీదైన కర్రకూ చవక కర్రకూ వాళ్లిచ్చిన మార్కులలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మేమూ కొట్లో పిల్లను గోడవైపు తిప్పి నిలబెట్టాం. కొట్టతను మూడుసార్లు రెండూ వాయించాడు. రెండుసార్లు అది మహాగనినే మెచ్చుకుంది. తిరిగి చూసి నాలుక కరచుకుంది.

మిగిలిన డబ్బు మా బావగారు జేబులో వేసుకోబోయారు. "ఆగండి బావగారూ! అది పాఠం చెప్పే గురువుగారి జీతం" అన్నాను. ఏ కర్రకైనా పాట నేర్పేది ఆయనే కదా!