మామయ్య ప్రయాణాలు: అగ్నిపర్వతం లోపల భోజనం

పిల్లలూ,

అగ్నిపర్వతం బొమ్మ గీయమంటే మీరు ఎలా గీస్తారో నాకు తెలుసు. కోసుగా ఒక కొండ, దాని కొసన ఒక బొక్క, బొక్కలోనుంచి ఎర్రరంగు. చిన్నప్పుడు నేనూ అలాగే గీశాను. మా డ్రాయింగు మాస్టారు పదికి ఏడు మార్కులు వేశారు. క్రిందటి మార్చిలో జపాను వెళ్ళి వచ్చాక, ఆ ఏడు మార్కులూ మాస్టారికి తిరిగి ఇచ్చేద్దామా అనిపించింది.

మా అక్కయ్యా, బావగారూ ఉద్యోగరీత్యా ఫుకువోకా నగరంలో ఉంటున్నారు. జపానులోని నాలుగు పెద్ద దీవులలో అన్నిటికన్నా దక్షిణాన ఉన్న క్యూషూ దీవిలో ఉంది ఆ నగరం. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. పెద్దపిల్ల ఏడో తరగతి, బుజ్జిగాడు మూడో తరగతి. నేను వస్తున్నానని తెలిసిన రోజునుంచీ వాడిది ఒకటే పాటట: "మామయ్య వచ్చాక అగ్నిపర్వతం నోట్లోకి తొంగిచూడాలి!"

మార్చి చివర అక్కడి బడులకు కొద్దిరోజులు సెలవులు ఇస్తారు. ఆ సెలవుల్లో అయిదుగురం కారులో బయలుదేరాం. జపానులో కూడా మనలాగే రోడ్డుకు ఎడమవైపున నడపాలి. అందుచేత ముందుసీట్లో కూర్చున్న నేను బావగారికి అక్కరలేని సలహాలు చాలా ఇచ్చాను.

మొదటి రాత్రి బెప్పు అనే ఊళ్ళో దిగాం. ఊరంతా వంట జరుగుతున్నట్టు ఉంటుంది. ఇళ్ళ మధ్యనుంచీ, కాలువ మూతల సందుల్లోనుంచీ తెల్లటి ఆవిరి. భూమిలోకి ఇంకిన వాననీరు లోపలి వేడిరాళ్ళను తాకి, కాగి, మళ్ళీ పైకి వస్తుంది. అటువంటి ఊటలు ఆ ఒక్క ఊళ్ళోనే రెండువేలకు పైగా ఉన్నాయి. వాటిలో మరీ మరిగిపోయే మడుగులను జపానువాళ్ళు "జిగోకు" అంటారు. అంటే నరకం. ఒక నరకం నీలితుత్తం కలిపినట్టు నీలంగా ఉంది. ఇంకొకటి ఇనుపతుప్పు మూలంగా ఎర్రగా ఉంది. ఆ ఆవిరిమీదే గుడ్లూ, చిలగడదుంపలూ ఉడికించి అమ్ముతారు. బుజ్జిగాడు నరకంలో ఉడికిన గుడ్డు రెండు తిన్నాడు.

మర్నాడు కొండదారి పట్టాం. దాని పేరు యమనామి రహదారి. యమనామి అంటే కొండలబారు. ఈ దారి 1964లో వేశారు. 1994 దాకా సుంకం కట్టి వెళ్ళవలసి వచ్చేది, ఇప్పుడు ఉచితం. యుఫు కొండ పక్కనుంచి మెలికలు తిరుగుతూ కుజూ పర్వతాల మధ్యగా పైకి పోయి, మకినోతో కనుమ దగ్గర 1,330 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కుజూ శిఖరాలలో ఒకదాని పక్కనుంచి ఇప్పటికీ పొగ లేస్తూనే ఉంటుంది.

కనుమ దాటాక ఒక వింత కనిపించింది. కొండలన్నీ నల్లగా ఉన్నాయి. చెట్టు లేదు, పొద లేదు. కొండ తరువాత కొండ, మసి పూసినట్టు. ఆ మసిలోనుంచి అక్కడక్కడా పచ్చటి మొలకలు.

"మామయ్యా, ఇదంతా ఏమిటి?" అన్నది పెద్దపిల్ల.

నేను గొంతు సవరించుకుని, "అగ్నిపర్వతం కాల్చేసిందమ్మా" అని చెప్పి, లావా గురించి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. తరువాత టీ తాగడానికి ఒక చిన్న దుకాణం దగ్గర ఆగినప్పుడు బావగారు ఆ ఇంటావిడను జపాను భాషలో ఇదే ప్రశ్న అడిగారు. ఆవిడ చేయి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కొండను కాల్చింది అగ్నిపర్వతం కాదట, వాళ్ళేనట! ఏటా చలి వెనకబడుతుండగా ఊళ్ళవాళ్ళందరూ కలిసి ఎండిన గడ్డికి నిప్పు పెడతారు. ఈ పనిని "నోయాకి" అంటారు. అలా కాల్చకపోతే కొన్నేళ్ళలో అక్కడ పొదలూ, తరువాత అడవీ పెరిగి, ఆవులకు మేత ఉండదు. కాల్చిన నెలకల్లా కొండంతా పచ్చబడుతుంది. ఎర్రటి ఆవులు మేతకు వస్తాయి. ఇది వందల ఏళ్ళుగా నడుస్తున్న ఆచారం.

నా ఉపన్యాసం సంగతి పిల్లలు ఇంటికి చేరేదాకా నాకు గుర్తుచేస్తూనే ఉన్నారు.

ఇంకొంత దూరం పోయి దైకన్‌బో అనే చోట కారు ఆపాం. అది 936 మీటర్ల ఎత్తున ఉన్న కొండ అంచు. ముందుకు నడిచి చూస్తే, కాళ్ళకింద నిట్టనిలువుగా గోడ దిగిపోయింది. గోడ కింద బల్లపరుపుగా పొలాలు, ఇళ్ళ కప్పులు, రైలుదారి. పొలాలకు అవతల, దూరాన, అయిదు శిఖరాలు. ఒకదానిమీద తెల్లటి పొగ. ఆ అయిదింటినీ కలిపి చూస్తే బుద్ధుడు వెల్లకిలా పడుకున్నట్టు ఉంటుందని అక్కడివాళ్ళు అంటారు. నాకూ అలాగే కనిపించింది. అక్కయ్యకు మాత్రం ఎంతసేపు చూసినా కనిపించలేదు.

"అగ్నిపర్వతం ఎక్కడ నాన్నా? ఆ పొగ వచ్చేదా?" అన్నాడు బుజ్జిగాడు.

"అది దాని పొయ్యిగొట్టం. అగ్నిపర్వతం అంటే నువ్వు చూస్తున్నదంతా. ఈ గోడనుంచి ఆ కొసన గోడ దాకా" అన్నారు బావగారు.

ఇది కొంచెం నిదానంగా వినండి. మీ తాతగారి ఊళ్ళో ధాన్యపు పాతర చూశారా? నేలలో గొయ్యి తవ్వి, ధాన్యం నింపి, పైన కప్పేవాళ్ళు. లోపలి ధాన్యమంతా ఒక్కసారిగా తోడేస్తే పైకప్పు ఏమవుతుంది? కూలి గొయ్యిలో పడుతుంది. అసో పర్వతానికి జరిగింది అదే. సుమారు 2,70,000 ఏళ్ళ కిందటినుంచి 90,000 ఏళ్ళ కిందటి దాకా అది నాలుగుసార్లు మహాభయంకరంగా పేలింది. లోపల కరిగి ఉన్న రాయంతా బూడిదగా, నురగరాయిగా బయటికి పోయింది. కింద ఖాళీ అయిపోయి పైనున్న నేల దిగబడింది. అలా ఏర్పడిన గొయ్యిని "కాల్డెరా" అంటారు. అది స్పెయిన్ దేశపు మాట, మన భాషలో చెప్పాలంటే కాగు. ఈ కాగు ఉత్తరదక్షిణాలుగా 25 కిలోమీటర్లు, తూర్పుపడమరలుగా 18 కిలోమీటర్లు. ఆ అయిదు శిఖరాలలో చాలావరకు కాగు మధ్యలో తరువాత పెరిగినవే.

నాలుగో పేలుడు అన్నిటికన్నా పెద్దది. దాని బూడిద జపాను ఉత్తరపు కొసన ఉన్న హొక్కయిదో దీవి దాకా, వెయ్యి కిలోమీటర్లకు పైగా పోయి పడింది. బూడిద అంత దూరం పోతుందా అని మీకు అనుమానంగా ఉంటే, మన నంద్యాల జిల్లాలో జ్వాలాపురం అనే పల్లె ఉంది. అక్కడ నేలలో తెల్లటి బూడిదపొర కనబడుతుంది. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలోని తోబా పేలినప్పుడు సముద్రం దాటి వచ్చిన బూడిద అది. దానికి కిందా, పైనా కూడా మనుషులు చేసుకున్న రాతిపనిముట్లు దొరికాయి.

గోడ దిగి కాగులోకి వెళ్ళాం. ఆ ఊళ్ళల్లో నలభై, యాభై వేలమంది కాపురం ఉంటున్నారు. బడులున్నాయి, పోస్టాఫీసులున్నాయి, కుర్రాళ్ళు సైకిళ్ళు తొక్కుతున్నారు. ఒక పూటకూళ్ళ ఇంట్లో భోజనం చేశాం. ఆవాకు ఊరవేసి, సన్నగా తరిగి, అన్నంలో కలిపిపెట్టారు. దాన్ని తకనా అన్నం అంటారు. బూడిద కలిసిన ఆ నేలలో ఆవాకు బాగా పండుతుందట. "కాస్త ఇంగువ తగిలితే మన వంటే" అన్నది అక్కయ్య. బుజ్జిగాడు మాత్రం రెండు ముద్దలు తిని, కిటికీలోనుంచి పొగవైపే చూస్తూ కూర్చున్నాడు.

పైకి పోయే దారిలో కోమెజుక అనే బుల్లి కొండ ఉంది. అచ్చంగా బోర్లించిన గిన్నెలా ఉండి, నెత్తిన చిన్న గుంట ఉంటుంది. కోమె అంటే బియ్యం. పూర్వం ఒక దేవుడు పండిన ధాన్యమంతా రాశి పోసి, పేదవాళ్ళకోసం పైనుంచి దోసిలితో తీసి ఇచ్చాడనీ, ఆ దోసిలి గుంటే అదనీ కథ. నిజానికి అది కూడా ఒకప్పుడు పేలిన బుల్లి అగ్నిపర్వతమే.

ఇక పొగ వచ్చే నకదకె శిఖరం. దాని బిలం సుమారు 600 మీటర్ల వెడల్పు, 130 మీటర్ల లోతు. అడుగున ఆకుపచ్చటి నీటిమడుగు. శాంతంగా ఉన్న రోజుల్లో కూడా ఆ నీరు చేయి పెట్టలేనంత వేడి, నిమ్మరసంకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఆమ్లం. బిలం అంచుదాకా కారులో పోవచ్చు. కాని రోజూ కాదు. 1958లో అది హఠాత్తుగా రాళ్ళు విసిరితే 12 మంది చనిపోయారు. ఆ తరువాత అక్కడ సిమెంటు గూళ్ళు కట్టారు, రాళ్ళు పడితే దూరడానికి. పేలుడు ఒక్కటే కాదు, వాయువు కూడా ప్రమాదం. అందుకే గాలిని ఎప్పుడూ పరీక్షిస్తూ, వాయువు ఎక్కువైతే గేటు మూసేస్తారు.

మేం వెళ్ళేసరికి గేటు తెరిచే ఉంది! బుజ్జిగాడు చప్పట్లు కొట్టాడు. కాని గేటు పక్కన ఒక పెద్ద బోర్డు ఉంది. అందులోని ఇంగ్లీషు ముక్కలు పెద్దపిల్ల పైకి చదివింది. "ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు, గుండెజబ్బు ఉన్నవారు లోపలికి వెళ్ళరాదు." చదివి, ఠక్కున ఆగి, తమ్ముడివైపు చూసింది.

బుజ్జిగాడికి ఉబ్బసం.

కారులో ఎవరూ మాట్లాడలేదు. వాడు నా చెవి దగ్గరికి వచ్చి, "మామయ్యా, వాళ్ళకు చెప్పకు" అన్నాడు. బావగారు, "ఏడాదిగా రాలేదు కదా. అయిదు నిమిషాల్లో వచ్చేద్దాం" అన్నారు. ఉన్నమాట చెప్పాలి గనుక చెబుతున్నాను, నాకూ సరేననే అనిపించింది. అక్కడ ఎవరూ పరీక్షచేసి చూడరు. వాడు ఆరునెలలనుంచీ కలలు కంటున్నాడు.

అక్కయ్య నెమ్మదిగా అన్నది: "తమ్ముడూ, వాడికి ఊపిరి అందని రాత్రి నువ్వు లేవురా. నేను ఉన్నాను."

ఆ వాయువులో గంధకం పొగ ఉంటుంది. మనం దీపావళినాడు పీల్చేదే. అది తడి తగిలితే ఆమ్లంగా మారుతుంది. మన ఊపిరిగొట్టాల లోపల ఎప్పుడూ తడి ఉంటుంది కదా! ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ముక్కు మండి, దగ్గు వచ్చి ఊరుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆ గొట్టాలు బిగుసుకుపోతాయి. 1989కీ 1997కీ మధ్య ఆ బిలం దగ్గర ఏడుగురు యాత్రికులు ఈ వాయువు వల్లనే చనిపోయారు. ఆ సంగతి నేను తరువాత చదివాను. అక్కయ్య చదవలేదు.

బావగారు మరి మాట్లాడకుండా కారు వెనక్కి తిప్పారు. కిందుగా కుసాసెన్‌రి అనే గడ్డిమైదానం పక్కన అగ్నిపర్వత ప్రదర్శనశాల ఉంది. అక్కయ్యనూ, నన్నూ, బుజ్జిగాడినీ అక్కడ దింపి, పెద్దపిల్లను తీసుకుని ఆయన పైకి వెళ్ళారు. వాడు అటు తిరిగి, అద్దానికి ముఖం ఆనించి, చప్పుడు కాకుండా ఏడ్చాడు. నేను మంచుముక్క మిఠాయి కొనిస్తానన్నాను. అక్కర్లేదన్నాడు. అదే సమంజసమైన జవాబు.

ఆ ప్రదర్శనశాలలో ఒక పెద్ద తెర ఉంది. బిలం గోడకు కెమెరాలు అమర్చారు. అవి ఆ క్షణాన చూస్తున్నదే ఈ తెరమీద కనిపిస్తుంది. మొదట వాడు తల తిప్పలేదు. తరువాత ఓరగా చూశాడు. తరువాత లేచి దగ్గరికి వెళ్ళాడు. పొరలు పొరలుగా బిలం గోడలు, పొరల మధ్య గంధకపు పసుపు, అడుగున పాలు కలిపినట్టున్న ఆకుపచ్చ నీరు, దాని అంచున బుసబుసమని ఆవిరి. ఉన్నట్టుండి ఆవిరి పెరిగి తెరంతా తెల్లగా అయిపోయింది.

అరగంటకు పెద్దపిల్ల దగ్గుకుంటూ వచ్చింది. గాలి ఇటు తిరిగిందట. లౌడుస్పీకరులో కేకవేసి అందరినీ కిందికి పంపేశారట.

"నీళ్ళు చూశావా?" అన్నాడు బుజ్జిగాడు.

"ఒక్క క్షణం. తరువాత అంతా పొగే. దీపావళి మర్నాడు మన తాతయ్యగారి వీధి వాసన వేసిందిరా. కళ్ళు మండాయి."

"నాకు అడుగుదాకా కనిపించింది. గోడమీద పసుపు ఉంది, చూశావా?"

"పసుపా? ఎక్కడ?"

వాడు దాన్ని తెర దగ్గరికి లాక్కుపోయాడు. ఆ తరువాత చాలాసేపు, వాసన ఎలా ఉందో అది చెప్పడం, గోడ ఎలా ఉందో వీడు చెప్పడం.

తిరుగుదారి తతెనొ మీదుగా. కాగు గోడ తెగి ఉన్నది అక్కడే. పూర్వం ఈ కాగునిండా నీళ్ళుండేవట. ఇందాకటి బియ్యపురాశి దేవుడే, పొలాలు చేసుకోవడానికి నేల కావాలని, గోడను కాలితో తన్నాడట. నీళ్ళన్నీ బయటికి పోయాయి గాని, ఆ తన్నుకు ఆయనే వెనక్కి పడి "లేవలేను" అన్నాడట. జపాను భాషలో ఆ మాటనుంచే తతెనొ అనే పేరు వచ్చిందట. కథ మాట ఎలా ఉన్నా, ఒకప్పుడు లోపల సరస్సు ఉండడమూ, అది ఈ గండిలోనుంచి పోవడమూ మాత్రం నిజం. 2016 ఏప్రిల్ 16న వచ్చిన భూకంపంలో ఇక్కడ కొండచరియ విరిగిపడి, నదిమీది పెద్ద వంతెన కూలిపోయింది. కొత్త వంతెన 2021లో తెరిచారు. మేం దానిమీదుగా వచ్చాం. పక్క కొండకు అప్పటి గీత ఇంకా కనబడుతూనే ఉంది.

"ఇప్పుడు అగ్నిపర్వతం బయటికి వచ్చేశాం" అన్నారు బావగారు.

బుజ్జిగాడు వెనక అద్దంలోనుంచి పొగను చూస్తూ, "బడి తెరిచాక అందరూ అడుగుతారు. చూశానని చెప్పనా, చూడలేదని చెప్పనా?" అన్నాడు.

"లోపల కూర్చుని అన్నం తిన్నానని చెప్పు" అన్నది పెద్దపిల్ల.