ఒక్క తేనెపట్టులో ఎంతమంది తండ్రులు?

బాల్కనీలో తేనెపట్టు కనబడగానే పెస్ట్ కంట్రోల్ వాడికి ఫోన్ కొట్టేముందు ఒక చిన్న లెక్క చూడండి. బంబుల్ బీల్లో చాలా జాతుల రాణి ఒక్క మగ ఈగతోనే జతకడుతుంది. ఆదిలాబాద్ అడవుల్లో, కరీంనగర్ వాటర్ ట్యాంకుల కింద వేలాడే మన కొండ తేనెటీగ రాణి మాత్రం పదులకొద్దీ మగ ఈగలతో. ఎవడు చూసొచ్చాడంటారా? చూడక్కర్లేదు, కూలి ఈగల డీఎన్ఏ చాలు. మగ ఈగ ఫలదీకరణం కాని గుడ్డులోంచి పుడుతుంది, దానికున్నది ఒకే సెట్ క్రోమోజోములు. కాబట్టి దాని కూతుళ్ళందరికీ తండ్రి వాటా అచ్చంగా ఒకటే. కూతురి మార్కర్లలోంచి తల్లివి తీసేస్తే మిగిలేది తండ్రి. మన భాషలో డిఫ్ కొట్టి డిస్టింక్ట్ కౌంట్ తియ్యడమే :)

ఇలాంటి మార్కర్లతోనే, వలసెళ్ళిన రాణులు పాత చోటికే తిరిగొస్తాయని 2000లో నేచర్ పత్రికలో తేల్చారు. అంటే ఇవాళ కాల్చేస్తే, వచ్చే ఏడాది రావాల్సిన రాణి కూడా పోయినట్టే, అది దాచుకున్న అన్ని వంశాలతో సహా.

అందరూ అడవిలో కాగడా పట్టినవాళ్ళనే తిడతారు. వాళ్ళకి అది బతుకుతెరువు. పైగా తేనె పైన ఒక మూలనే ఉంటుంది, అంతవరకే కోసి పిల్లలున్న భాగం వదిలెయ్యొచ్చు. మనకైతే ఆ తేనె కూడా అక్కర్లేదాయె! బడి పక్కనుంటే తీయించాల్సిందే, కాదనను. మిగతాచోట్ల కొన్నాళ్ళు ఆగితే, వలసకాలానికి అవే లేచిపోతాయి.