మన గృహం: కిటికీ సందుల్లో చలి

లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరు, జనవరి చలి ఎరిగిన కుటుంబాలకు పాత కిటికీల సంగతి వేరే చెప్పనక్కరలేదు. రెక్కలు మూసినా గాలి దూరుతూనే ఉంటుంది, కట్టెలు ఎన్ని కాల్చినా గది వేడెక్కదు.

గాలి వీచే సాయంత్రం వెలిగించిన కొవ్వొత్తిని కిటికీ అంచుల వెంట నెమ్మదిగా జరపండి (ముందు పరదా తీసేయండి సుమా!). మంట వంగినచోట సందు ఉన్నట్టే. గోడకూ చట్రానికీ మధ్య నెర్రెను సిమెంటుతో పూడ్చండి. చెక్క పగుళ్ళకు రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపిన ముద్ద చాలు. రెక్క ఆనేచోట ముద్ద పెడితే కిటికీ మూతపడదు. అక్కడ పాత సైకిలు ట్యూబును సన్నని పట్టీలుగా కోసి, చిన్న మేకులతో చట్రానికి కొట్టాలి. ఖర్చు మేకులకే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పదలచాం. రాత్రిళ్ళు గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునే ఇళ్ళలో ముందు కుంపటి బయటికి పోవాలి, ఆ తరువాతే ఈ పని. బొగ్గులు కాలుతుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇన్నాళ్ళూ ఆ సందులే కొంత కాపాడి ఉండవచ్చు. కట్టెల పొయ్యి ఉన్న వంటగది కిటికీ జోలికి అసలు పోకండి.

వేసవిలో ఈ పట్టీలే వడగాలిని ఆపుతాయి. కూలరు వాడేవారు మాత్రం ఒక కిటికీ తెరిచే ఉంచాలి.