నీటికి వంతులున్నట్లే బండికిని వంతులుండవలెను

పల్లెవాసుల ప్రయాణముల విషయమున ఈ ఇరువది సంవత్సరములలో జరిగిన మేలు తక్కువది కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 బండి నేడు ఏ ఊరి పొలిమేరకైనను వచ్చుచున్నది. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున పల్లెవెలుగు మొదలైన బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. పింఛను సొమ్ము నెల మొదటి తేదీన ఇంటి గడపకే వచ్చుచున్నది. సర్కారు ఆసుపత్రిలో ప్రసవించిన తల్లిని బిడ్డతో ఇంటికి దింపుటకు సైతము బండి కలదు. అయినను మోకాళ్లు పట్టిన ముదుసలి, చూపు పోయినవాడు, పక్షవాతమున ఒక కాలు ఈడ్చుకొని నడచువాడు తన ఇంటి అరుగు నుండి బస్సు ఆగు రోడ్డు వరకు ఎట్లు పోవలెను? పోయినను బస్సు మెట్టు ఎట్లెక్కవలెను? టిక్కెట్టు లేనంత మాత్రమున మెట్టు ఎత్తు తగ్గదు. 108 బండి ప్రాణాపాయమునకు వచ్చునుగాని, కంటి శస్త్రమైన పిదప డాక్టరు మరల రమ్మన్న తేదీకి రాదు. తీసికొనిపోయినను తిరిగి ఇంట దింపుట దాని పని కాదు.

ఈ లోటు ఎంతటిదో ఉద్దానపు రైతులకు చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలైన మండలములలో కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ మూత్రపిండముల వ్యాధి ఏళ్ల తరబడి కాపురమున్నది. దాని మూలకారణమింతవరకు నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియును ప్రారంభమైనవి. సోంపేట మొదలైన చోట్ల డయాలసిస్ కేంద్రములును కలవు. యంత్రములు వచ్చినవి, మందు వచ్చినది. రోగి యంత్రము కడకు చేరుటయే మిగిలినది. డయాలసిస్ వారమునకు రెండు మార్లో మూడు మార్లో చేయించుకొనవలెను. ఒక్కొక్కమారు సుమారు నాలుగు గంటలు పట్టును. సంవత్సరమునకు నూరు మార్లు పోవుట, నూరు మార్లు వచ్చుట తప్పదు. పోవునపుడు నడచిన మనిషి వచ్చునపుడు కన్నులు తిరిగి కూలబడవచ్చును. రక్తపుపోటు పడిపోయినవానిని మోటారు సైకిలు వెనుక కూర్చుండబెట్టుట క్షేమము కాదు. కుమారులు హైదరాబాదునకో చెన్నపట్టణమునకో కూలికి పోయిన ఇండ్లలో తోడు వచ్చువాడును ఉండడు. రోగికి నెలకు 10,000 రూపాయల పింఛనున్నదందురా, దానిలో ఎంత భాగము ఆటోకే పోవుచున్నదో ఆ ఇంటివారిని అడిగిన తెలియును.

పొరుగువారు కఠినులని నా భావము కాదు. ఏ ఊరనైనను కష్టము వచ్చిన రాత్రి బండి తీయనివాడు అరుదు. చిక్కు వేరొకచోట నున్నది. ఒకమారు అడుగుట సులభము, రెండవమారును అడుగవచ్చును. మూడవ మారు నోరు రాదు. పది యెకరములు సేద్యము చేసి, నలుగురికి విత్తనములు చేబదులిచ్చిన పెద్దమనిషి తెల్లవారుజామున పరుల వాకిట నిలిచి ‘బాబూ, నేడు కూడ కొంచెము దింపెదవా’ అనుటకంటె ఆ వారము డయాలసిస్ మానుకొనుటకే ఇష్టపడును. అట్లు మానుకొన్నవారిని నేనెరుగుదును. మరియొక సంగతి గలదు, దాని నెవ్వరును పైకి చెప్పరు. కార్లున్న వీధి ఒకటి, రోగులెక్కువగానున్న వీధి మరొకటి. ఒక వీధివారు రెండవ వీధికి పోయి ఉపకారమడుగుట మన ఊళ్లలో నేటికిని తేలిక కాదు.

కనుక నా అభిప్రాయమేమనగా, ఈ పని ఉపకారముగా జరుగరాదు. కాలువ నీటికి వంతులున్నట్లు వంతుగా జరుగవలెను. వంతు వచ్చిన రైతు ఎవరిని బ్రతిమాలి నీరు పెట్టుకొనును? కారు గలిగి నడపనేర్చిన సభ్యుడు నెలలో ఒక దినము సంఘమున కీయవలెను. వృద్ధులు, వికలాంగులు, రోగులు గల ఇండ్లవారు తమ ఆసుపత్రి దినములను ముందుగా సంఘపు కార్యదర్శికి తెలిపి పుస్తకమున వ్రాయించవలెను. రోగి బండివానిని అడుగనక్కరలేదు. బండివాడు రోగి ఎవరని ఏరుకొనరాదు. లెక్క చూడుడు: ఒకే ఊరి ముగ్గురు రోగులకు ఒకే పూట డయాలసిస్ దొరకునట్లు కేంద్రము వారితో మాట్లాడుకొన్నచో ఒకే బండి చాలును. వారమునకు రెండు మార్లనిన నెలకు తొమ్మిది ప్రయాణములు. తొమ్మండుగురు సభ్యులు ఒక్కొక్క దినమిచ్చిన సరిపోవును. స్త్రీలు పోవునపుడు పొదుపు సంఘపు స్త్రీ ఒకతె తోడుండవలెను.

ఇక చట్టపు సంగతి. ఇక్కడ తొందరపడిన సహాయము చేయబోయినవాడే చిక్కుపడును. తెల్ల పలక గల సొంత కారుపై కిరాయి పుచ్చుకొనరాదు. అది పర్మిట్టు లేని కిరాయి బండి యగును, బీమాయును చెల్లదు. కావున రోగి చేతినుండి పైసా ముట్టరాదు. ఖర్చు సంఘము భరింపవలెను. రెండవది, మన ఊళ్లలో అనేకులు థర్డ్ పార్టీ బీమాతోనే సరిపెట్టుకొందురు. అట్టి కారులో ఊరక ఎక్కించుకొన్న మనిషికి దెబ్బ తగిలిన ఆ బీమా వర్తింపదు. సమగ్ర బీమా గల బండినే వంతులలో చేర్చవలెను. ప్రయాణికుల ప్రమాద బీమాను దానికి జోడించుట ఇంకను మేలు. మూడవది ట్రాక్టరు తొట్టి. పెండ్లికి, తిరునాళ్లకు అలవాటైన మనము రోగిని సైతము దానిలోనే పరుపు వేసి తీసికొనిపోదుము. సరకుబండిలో ఊరక ఎక్కిన మనిషికి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పియున్నది. తొట్టి మాట విడువవలెను.

ఖర్చు ఎంత? రానుపోను నలుబది కిలోమీటర్లని అనుకొన్న మూడు లీటర్ల లోపు పెట్రోలు. లీటరు 110 రూపాయల చొప్పున చూచినను దినమునకు 300 రూపాయలు, తొమ్మిది దినములకు 2,700. సంఘపు సొమ్ము దీనికేల అనువారు 1912 నాటి సహకార సంఘముల చట్టపు 34వ విభాగమును చదువవలెను. నికర లాభములో నాలుగవ వంతు రిజర్వు నిధికి చేర్చిన పిదప, మిగిలినదానిలో నూటికి పదివరకు రిజిస్ట్రారు అనుమతితో ధర్మకార్యములకీయవచ్చునని దానిలోనే యున్నది. వైద్య సహాయము అట్టి ధర్మకార్యములలో నొకటి. నేడు మనకు వర్తించునది 1964 నాటి చట్టము. దానిని, మన బైలాలను అనుసరించి ఈ ఖర్చు ఏ పద్దున వ్రాయవలెనో ఆడిటరును ముందే అడిగి తెలిసికొనుట మంచిది. లాభమే లేని సంఘమేమి చేయవలె నందురా, అట్టివి చాల ఉన్నవి. అచ్చట కొబ్బరికాయలు దింపించినపుడు నూటికొక కాయ ఈ పద్దునకు తీసి యుంచుట నాకు తోచిన ఉపాయము.

ఇట్టి పద్ధతి ఇతర దేశములలో పాతదే. జపానులో 2006 నాటి చట్టపు సవరణ ననుసరించి, లాభాపేక్ష లేని సంఘములు రిజిష్టరు చేయించుకొని, సొంత బండ్లపై వృద్ధులను వికలాంగులను స్వల్ప రుసుముతో తీసికొనిపోవచ్చును. అట్లు రిజిష్టరు కాదగినవానిలో వ్యవసాయ సహకార సంఘములును కలవు. మనకు అట్టి ప్రత్యేకపు ఏర్పాటు లేదు. దానిని కోరుచు సంఘములు తీర్మానములు పంపవలెను. అమెరికాలోని పల్లెలలో ఇరుగుపొరుగువారే తమ కార్లపై ముసలివారిని ఆసుపత్రికి దింపుదురు. కాని వారి పన్ను చట్టమున ధర్మకార్యమునకు నడుపువానికి లెక్కలో తగ్గించునది మైలుకు 14 సెంట్లు మాత్రమే. 1998 నుండి ఆ అంకె కదలలేదు. వ్యాపారము మీద నడుపువానికి 2025లో 70 సెంట్లు. ధర్మమునకు పోవువాని బండి గాలితో నడచునని ఆ శాసనకర్తల నమ్మిక కాబోలు! మనము ఆ తప్పు చేయక, బంకు ధర ఎంతయో అంత ఈయవలెను.

బండి నడుపువారు కొన్ని సంగతులు నేర్చుకొనవలెను. డయాలసిస్ రోగికి సూది గ్రుచ్చు చేతిని పట్టి లాగరాదు. ఆ చేతిపై బరువు పడరాదు. చూపు లేనివానిని రెక్క పట్టి నడిపింపక, అతడే మన మోచేయి పట్టుకొనునట్లు ముందు నడువవలెను. పక్షవాతపు మనిషిని ఒంటరిగా ఎత్తబోరాదు, ఇద్దరుండవలెను. అన్నిటికంటె ముఖ్యము, తీసికొనిపోయినవాడే వేచియుండి తిరిగి తెచ్చుట. దింపి వచ్చుట సగము పనియే.

వరికోతల దినములలో ఎవరికి తీరికయుండునని ఒకరు నాతో వాదించిరి. నిజమే. ఆ రెండు నెలలకు రైతులు కాని సభ్యులను, ఉద్యోగమునుండి విరమించిన ఉపాధ్యాయులను వంతులలో ముందు వేయవచ్చును. అప్పటికిని చాలని దినమున సంఘమే పసుపు పలక బండి మాట్లాడవలెను. రోగి దినము మాత్రము తప్పరాదు.

రాబోవు మహాజన సభలోగా బండి గల సభ్యులు తమ బీమా పత్రమును, వీలగు దినమును కార్యదర్శికి చూపవలెనని కోరుచున్నాను. రోగులు గల ఇండ్లవారు తేదీలు తెలుపవలెను. నా కారునకు సమగ్ర బీమా కలదు. ప్రతి నెల మొదటి బుధవారము నా పేర వ్రాసికొనవచ్చును.