పదో తరగతి తర్వాత కంచరపాలెం బాట

విశాఖపట్నం: పదో తరగతి ఫలితాలు రాగానే కార్పొరేట్ కాలేజీల మనుషులు కరపత్రాలు పట్టుకుని పల్లెల్లో ఇంటింటికీ తిరగడం ఏటా చూస్తున్నదే. ఇంటర్ రెండేళ్లకు హాస్టలుతో కలిపి లక్షల్లో చెబుతారు. బంగారం తాకట్టు పెట్టి చేర్పించే తల్లిదండ్రులకు కొదవలేదు. కంచరపాలెంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉందని, అక్కడ ఫీజు ఏడాదికి ఐదువేల రూపాయల లోపేనని అంత గట్టిగా చెప్పేవారు మాత్రం తక్కువ.

ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషికి ఈ బాట ఎందుకు నప్పుతుందో చూడాలి. పాలిసెట్ రాసి చేరితే మూడేళ్లలో డిప్లొమా చేతికి వస్తుంది. అందులో సుమారు ఆరునెలలు కర్మాగారంలో శిక్షణ. ఆ తర్వాత ఉద్యోగానికి పోవచ్చు. లేదా ఈసెట్ రాసి ఇంజనీరింగ్ కాలేజీలో నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్ తప్పినవాడి చేతిలో ఏమీ మిగలదు. డిప్లొమా ముగించినవాడు పైచదువుకు పోలేకపోయినా పనివాడుగా నిలబడతాడు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు చేసే పని దాదాపు ఇదే. మొదటిది 1901లో పుట్టింది. రెండేళ్లు ఇంటిదగ్గర తక్కువ ఖర్చుతో చదివి, విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదికి పోతారు. యుజిసి 2013 ప్రాంతంలో అదే పేరుతో ఇక్కడా పథకం పెట్టింది గాని, ఆ పేరు పల్లెల దాకా రానేలేదు. మనకు ఆ పని చేస్తున్నవి పాలిటెక్నిక్‌లు, ఐటిఐలే.

విశాఖకు ఈ చదువుతో అనుబంధం పాతదే. 1933లో రేవు తెరిచిన నాటినుంచి షిప్‌యార్డు, రిఫైనరీ, బిహెచ్‌పివి వరుసగా వచ్చాయి. అన్నిటికీ ఫిట్టర్లు, వెల్డర్లు, సూపర్‌వైజర్లు కావలసి వచ్చారు. 32 మంది ప్రాణాలు పోయిన 1966 ఆందోళన తర్వాత 1970 ఏప్రిల్ 17న ఉక్కు కర్మాగారాన్ని ప్రకటించారు. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. గాజువాక చుట్టుపట్ల అరవైకి పైగా ఊళ్లు భూములిచ్చాయి. ఇచ్చినవారికి 'ఆర్ కార్డు' ఇచ్చి, ఇంటికో ఉద్యోగం అన్న ఆశ చూపారు. కార్డు బీరువాలో ఉండగానే వేలమందికి వయసు దాటిపోయింది. ఇది అందరికీ తెలిసిన బాధే. కార్డును నమ్ముకుని కూర్చున్న ఇంటికీ, పిల్లవాణ్ణి ఐటిఐకో డిప్లొమాకో పంపిన ఇంటికీ తర్వాత ఎంత తేడా వచ్చిందో నిర్వాసిత కాలనీల్లో అడిగితే వారే చెబుతారు.

అయితే ఆ రోజులు ఇప్పుడు లేవు. 2021 జనవరి 27న కేంద్రం ఉక్కు కర్మాగారంలో నూరుశాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా అంగీకరించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించినా, అదే ఏడాది స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చింది. తొలగింపులపై కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. డిప్లొమా ఉంటే ఉక్కులో పర్మినెంటు ఖాయమని ఇంకా ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు. నేడు పనులు ఎక్కువగా పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్ వైపున్నాయి. అక్కడ జీతం మొదట్లో తక్కువ, షిఫ్టులు కష్టం, ప్రమాదమూ ఉంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. పిల్లవాడు ఏ కంపెనీలో చేరుతున్నాడు, అక్కడ రక్షణ ఏర్పాట్లు ఏమిటి అని తల్లిదండ్రులు అడగడంలో తప్పులేదు. చదువులేనివాడు ఈ మాట అడగలేడు, అడిగినా వినరు. డిప్లొమా ఉన్నవాడికి ఇంకోచోటుకు పోయే వీలుంది. అదే అతని బలం.

అసలు చిక్కు చేరిన తర్వాతనే మొదలవుతుంది. తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లవాడికి ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాలు, ఇంజనీరింగ్ లెక్కలు, డ్రాయింగు ఎదురవుతాయి. మొదటి ఏడాది రెండుమూడు సబ్జెక్టులు తప్పగానే ఇంట్లో చెప్పడానికి భయపడి మానేసేవారున్నారు. చదివిన ఇళ్లలో 'మళ్లీ రాయరా' అనేవారుంటారు. తొలితరం ఇంట్లో ఆ మాట అనేవారుండరు. తప్పిన సబ్జెక్టు తర్వాత రాసుకోవచ్చన్న సంగతే తండ్రికి తెలియదు. ప్రభుత్వ కాలేజీలో ఫీజు తక్కువే, బాగుంది. మొదటి ఆరునెలలు సాయంత్రం పూట తెలుగులో విడమర్చి చెప్పే ఏర్పాటు ప్రతి పాలిటెక్నిక్‌లోనూ చేస్తే మానేసేవారు తగ్గుతారు. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

ఆడపిల్లలను నగరానికి పంపడానికి జంకేవారికి భీమునిపట్నంలో మహిళా పాలిటెక్నిక్ ఉంది. మన్యంవారికి పాడేరులో ఆశ్రమ పాలిటెక్నిక్ ఉంది. ఐటిఐ ముగించినవారు బ్రిడ్జి కోర్సు చేసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలూ ఉంది.

పాలిసెట్‌కు ఇటీవలి ఏళ్లలో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలోనే ఉచిత శిక్షణ ఇస్తున్నారు. ర్యాంకు వచ్చినా కాగితాలు లేక సీటు పోగొట్టుకునేవారున్నారు కనుక కులం, ఆదాయం పత్రాలు, నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు వేసవి సెలవులకు ముందే తెచ్చిపెట్టుకోవాలి. బడి మారిన పిల్లల విషయంలో పాత బడికి ఇప్పుడే వెళ్లడం మంచిది. సెలవుల్లో హెడ్మాస్టరు దొరకడు.