ప్యాసేజ్‌లో లేనిది ఆలోచించకు!

లా ఎంట్రన్స్ కోచింగ్‌లో మన పిల్లలకు అన్నిటికంటే ముందు నేర్పే పాఠాలు మూడు. ప్యాసేజ్‌లో లేనిది ఆలోచించకు. ముందు ప్రశ్నలు చూసి, తర్వాత ప్యాసేజ్‌లో జవాబు వెతుక్కో. మొదటి వాక్యమూ చివరి వాక్యమూ చూస్తే రచయిత టోన్ తెలిసిపోతుంది, మధ్యలో టైమ్ వేస్ట్ చేసుకోకు. ఈ మూడూ చెవిలో పోసి పోసి, పదిహేడేళ్ళ పిల్లల్ని న్యాయ విశ్వవిద్యాలయాలకు తయారుచేస్తున్నాం. రేపు ఒక పేదవాడి భూమి కేసులో వాదించేది వీళ్ళు. ఒక చట్టం రాజ్యాంగానికి నిలుస్తుందో లేదో తేల్చేది వీళ్ళు. కాగితం మీద ఉన్నదాన్ని పూర్తిగా చదవకు, చదివినదాని గురించి ఆలోచించకు అని వాళ్ళకు తర్ఫీదు ఇవ్వడాన్ని నేను చదువు అనలేను. ఇది చదవకుండా నెగ్గే విద్య. దీన్ని ఇంతటితో ఆపాలి.

తప్పు పిల్లలది కాదు. పరీక్ష ఎలా ఉందో చూడండి. న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ 2020 నుంచి మొత్తం కాంప్రహెన్షన్ పరీక్షగా మారింది. ఇంగ్లీషు, కరెంట్ అఫైర్స్, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, అన్నిటికీ ప్యాసేజీలే. లెక్కల భాగంలో కూడా ముందు ఒక పేరా, తర్వాతే ప్రశ్నలు. ఒక్కో ప్యాసేజ్ సుమారు 450 పదాలు. ఇప్పుడు 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. అంటే ప్యాసేజ్ చదవడానికీ, ప్రశ్న అర్థం చేసుకోవడానికీ, నాలుగు ఆప్షన్లు తూచడానికీ, జవాబు దిద్దడానికీ కలిపి ప్రశ్నకు ఒక్క నిమిషం. తప్పు పెడితే పావు మార్కు పోతుంది. బట్టీ చదువుల్ని వదిలించి అవగాహనను పరీక్షిస్తామన్న మాటతో తెచ్చిన మార్పు ఇది. ఆ ఉద్దేశం మంచిదే. కానీ గడియారాన్ని గొంతు మీద పెట్టి అవగాహన చూపించమంటే పిల్లలకు మిగిలేది చిట్కాలే. ఆ చిట్కాలనే కోచింగ్ సెంటర్లు లక్షలకు అమ్ముకుంటున్నాయి.

పోనీ, ఆ ప్యాసేజీలు ఊసుపోక చెప్పే కబుర్లా? కాదు. వాతావరణ మార్పు, ఎన్నికలు, రాజ్యాంగ హక్కులు, యుద్ధాలు, అభివృద్ధి పేరుతో జరిగే నిర్వాసం. ఈ పిల్లలు బతకబోయే యాభై అరవై ఏళ్ళను నిర్ణయించే సంగతులన్నీ ఆ పేరాల్లోనే ఉంటాయి. వాటిని మాక్ టెస్టులో ఏంచేస్తున్నాం? "రచయిత వైఖరి: ఎ) ఆశావాదం, బి) ఆందోళన, సి) తటస్థం, డి) వ్యంగ్యం." బి దిద్ది మార్కు తెచ్చుకున్న పిల్లను, రచయిత దేని గురించి ఆందోళన పడుతున్నాడు, అది సబబేనా అని అడగండి. అది సిలబస్‌లో లేదండీ అంటుంది. ఆ జవాబు విని సిగ్గుపడాల్సింది మనం.

ఒక ఉదాహరణ చెప్తాను. "ప్రపంచంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా వదిలే దేశాల్లో చైనా, అమెరికాల తర్వాత భారత్ మూడో స్థానంలో ఉంది." వాతావరణం మీద వచ్చే ఇంగ్లీషు వ్యాసాల్లో తరచు కనిపించే వాక్యం ఇది. నూటికి నూరుపాళ్ళు నిజం. తలకు ఎంత అని లెక్కేస్తే మాత్రం, సగటు భారతీయుడి వాటా ఏడాదికి సుమారు 2 టన్నులు, సగటు అమెరికన్‌ది దాదాపు 14 టన్నులు. ఇదీ నిజమే. ఏ నిజం రాసి ఏ నిజం వదిలేశారన్నదే రాజకీయం. అక్కడితో ఆగకూడదు. ఆ 2 టన్నుల సగటు చాటున మన దేశంలోని సంపన్నులు దాక్కోవడమూ రాజకీయమే. పొలం గట్టున బతికే కూలీనీ, ఇంటి నిండా ఏసీలూ వాకిట నాలుగు కార్లూ ఉన్నవాణ్ణీ కలిపి ఒకే అంకెగా చూపించి, "మేం పేద దేశం" అని వాదించడం ఎంతవరకు న్యాయం? ఒక పేరాను ఇలా నిలదీయడం నేర్చుకున్న పిల్ల చదవడం నేర్చుకున్నట్టు. "ప్యాసేజ్ ప్రకారం భారత్ స్థానం ఎంత?" అన్నదానికి 3 దిద్దిన పిల్ల ఒక అంకెను కళ్ళతో వెతికి పట్టుకుంది. అంతే.

కరెంట్ అఫైర్స్ పాఠాలూ ఇలాగే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు కాప్ 29 ఎక్కడ జరిగింది? బాకు. కాప్ 28? దుబాయ్. భారత్ నెట్ జీరో లక్ష్యం? 2070. పిల్లలు గడగడా చెప్తారు. 2009లో కోపెన్‌హేగన్‌లో సంపన్న దేశాలు పేద దేశాలకు 2020 నాటికి ఏటా 100 బిలియన్ డాలర్లు ఇస్తామన్న మాట గడువుకు ఎందుకు నిలబడలేదు? పేద దేశాలు ఏటా 1.3 ట్రిలియన్ డాలర్లు కావాలని అడిగితే, 2024లో బాకులో, అదీ 2035 నాటికి, ఏటా 300 బిలియన్లు అని ఎలా తేలింది? ఆ ఒప్పందం ఖరారైన వెంటనే భారత ప్రతినిధి అదే సభలో లేచి ఎందుకు అభ్యంతరం చెప్పారు? వీటికి జవాబు వెతికే తీరిక మన తరగతి గదుల్లో లేదు. ఊరి పేరు తెలిస్తే మార్కు వస్తుంది. ఆ ఊళ్ళో ఎవరు ఎవర్ని వంచించారో తెలిస్తే ఏమీ రాదు.

ఇప్పుడు మళ్ళీ ఆ మొదటి సూత్రానికి వద్దాం. ప్యాసేజ్‌లో లేనిది ఆలోచించకు. వడగాడ్పుల మీద పేరా ఇస్తారు. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్ళే. తీరం కోతకు గురవడం గురించి పేరా ఇస్తారు. కాకినాడ పక్కన ఉప్పాడలో ఏళ్ళ తరబడి సముద్రం ఇళ్ళను మింగుతూనే ఉంది. నగర వరదల గురించి ఇస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో కాలనీలకు కాలనీలే నీళ్ళలో ఉండిపోయాయి. ఆ ఊళ్ళ నుంచి వచ్చిన పిల్ల ఈ పేరా చదివేటప్పుడు తన ఇంటినీ తన వాళ్ళనూ మర్చిపోవాలట. తను చూసింది పక్కనపెట్టి, ఎక్కడో కూర్చుని ఎవరో రాసిన నాలుగు వందల పదాలే ప్రపంచం అనుకోవాలట. కళ్ళారా చూసింది లెక్కలోకి రాని చదువు నేల విడిచిన సాము.

ఆ నిబంధన వెనక న్యాయం ఉందని కొందరంటారు. బయటి జ్ఞానం ఉన్నవాళ్ళకు అదనపు లాభం రాకూడదు, అందరికీ ఒకే ఆధారం ఉండాలి అని. ఒప్పుకుంటాను. రచయిత చెప్పనిది చెప్పాడనడం చదువరి చేయకూడని పనే. వకీలుకు ఆ క్రమశిక్షణ మరీ ముఖ్యం. కానీ "రచయిత ఏమన్నాడు?" అన్నది చదవడంలో మొదటి మెట్టు. "అతను అన్నది నిజమేనా? ఆధారం ఏది? ఏది వదిలేశాడు?" అన్నవి తర్వాతి మెట్లు. మన పరీక్ష మొదటి మెట్టు మీదే నిలబెట్టి, మన కోచింగ్ ఆ పైన మెట్లే లేవని పిల్లల్ని నమ్మిస్తోంది. నా కోపం ఆ నమ్మకం మీద.

2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లో ఇమిడి ఉందని ఆ తీర్పు గుర్తించింది. లా ఎంట్రన్స్ మెటీరియల్‌లో ఆ ఒక్క వాక్యానికి హైలైటర్ పూసి వదిలేస్తారు. ఆ హక్కు ఏ కేసులో పుట్టింది? రాజస్థాన్, గుజరాత్‌లలో సోలార్ కరెంటును మోసుకుపోయే తీగలకు తగిలి చనిపోతున్న బట్టమేక పిట్టను కాపాడమని వేసిన కేసులో. తీగలను భూమిలోంచి వేయమని 2021లో ఇచ్చిన ఆదేశాన్ని, సౌర విద్యుత్తు కూడా వాతావరణానికి అవసరమే అంటూ 2024 తీర్పు సడలించింది. అంటే భూమిని కాపాడే కరెంటు ఒకవైపు, అంతరించిపోతున్న పిట్ట మరోవైపు. ఏది ముందు? ఇదీ చర్చ! ఆ పిట్ట కోసమే కర్నూలు సీమలో రోళ్ళపాడు అభయారణ్యం పెట్టుకున్నాం. అక్కడ ఆ పిట్ట దాదాపు కనుమరుగైంది. ఈ సంగతి మీద మన పిల్లలు ఒక గంట కొట్లాడుకుంటే వాళ్ళకు వచ్చే రాజ్యాంగ జ్ఞానం పది మాక్ టెస్టుల్లో రాదు.

ఇంతకీ ఈ "ఒకే సరైన జవాబు" మీద పేపర్ పెట్టేవాళ్ళకైనా పట్టు ఉందా? 2024 డిసెంబరు 1న జరిగిన క్లాట్ పేపర్‌లో రెండు ప్రశ్నలకు కీ తప్పని ఆ నెలలోనే ఢిల్లీ హైకోర్టు తేల్చింది. 2025లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వేల మంది భవిష్యత్తుకు సంబంధించిన పరీక్షలో ప్రశ్నలు తయారుచేసిన తీరును కోర్టు తప్పుపట్టి, కొన్ని ప్రశ్నలకు మార్కులు సవరించమంది. ఆ వివాదాస్పద ప్రశ్నల్లో ఒకటి పర్యావరణాన్ని కాపాడే బాధ్యత ఎవరిదన్న దాని గురించే. ఆ బాధ్యత రాజ్యానిదీ పౌరులదీ కూడా అని కోర్టు గుర్తుచేయాల్సి వచ్చింది. దేశంలోని పెద్ద న్యాయ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు కలిసి పెట్టిన పేపర్‌లోనే జవాబు మీద తగువు సుప్రీంకోర్టు దాకా పోతే, ఒక్క నిమిషంలో తేల్చలేక తల పట్టుకున్న పిల్లను తెలివితక్కువది అనే హక్కు ఎవరికుంది?

వీటన్నిటి మీదా అడ్డుగోడ ఇంగ్లీషు. క్లాట్ ఇంగ్లీషులో తప్ప ఉండదు. వైద్యానికి పెట్టే నీట్‌ను 20 లక్షల మందికి పైగా 13 భాషల్లో రాస్తున్నారు. జేఈఈ మెయిన్ 13 భాషల్లో ఉంది. కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశానికి 2022లో మొదలైన సీయూఈటీ 13 భాషల్లో ఉంది. అన్నింటిలో తెలుగు ఉంది. మన రాష్ట్రాల లాసెట్ తెలుగులోనూ ఉంటుంది. హైదరాబాదులోని నల్సార్‌లో, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయంలో చేరాలంటే మాత్రం తెలుగు పిల్ల తెలుగులో పరీక్ష రాయడానికి వీల్లేదు. భారతీయ భాషల్లో క్లాట్ పెట్టాలని 2023లో ఢిల్లీ హైకోర్టులో పిల్ పడితే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సమర్థించింది. పరీక్ష నడిపే న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం మాత్రం ఇప్పటికిప్పుడు కుదరదంది. ఆ తర్వాత వచ్చిన పరీక్షలూ ఇంగ్లీషులోనే జరిగాయి. అప్లికేషన్‌కు జనరల్ అభ్యర్థి దగ్గర 4,000 రూపాయలు తీసుకునే పరీక్షకు, అనువాదకుల్ని పెట్టుకోవడం కుదరదా?

చాలా హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో వాదనలు ఇంగ్లీషులోనే కదా అంటారు. అవును. ఐదేళ్ళ కోర్సు అందుకే ఉంది. ఇంగ్లీషు ఐదేళ్ళలో నేర్పగలిగేది. న్యాయం కోసం తపన, వాదనలోని లొసుగు పట్టే చూపు, తన ఊరి కష్టం తెలిసిన మనసు ఉన్న పిల్లను గుమ్మం దగ్గరే వెనక్కి పంపితే, ఆ లోటు ఐదేళ్ళ కోర్సు ఎలా పూడుస్తుంది? పైగా దేశంలో ఎక్కువ మంది మొదట మెట్లెక్కేది కింది కోర్టులవి. అక్కడ వాళ్ళు తమ గోడు చెప్పుకునేది తమ భాషలోనే. నేను ఇంగ్లీషు వద్దనడం లేదు. ఇంగ్లీషు భాగం పరీక్షలో ఉండనివ్వండి. తర్కాన్నీ, చట్టాన్నీ, ప్రపంచ జ్ఞానాన్నీ ఇంగ్లీషు వేగంతో కొలవకండి.

ఇంకో అన్యాయం చూడండి. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ భారం తగ్గించే పేరుతో పదో తరగతి రాజనీతి పుస్తకం నుంచి ప్రజా పోరాటాలు, ప్రజాస్వామ్యానికి ఎదురయ్యే సవాళ్ళ మీద ఉన్న అధ్యాయాలు తీసేసింది. బడిలో రాజకీయం తీసేస్తారు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీలు తప్ప మిగతావి చదువే కాదంటారు. ఇంగ్లీషు పేపర్‌కు గైడ్ ఉంటే చాలంటారు. చివరికి ఎంట్రన్స్‌లో రాజకీయాల మీద 450 పదాల ఇంగ్లీషు పేరా ఇచ్చి, "అర్థం చేసుకో" అంటారు. నేర్పనిది అడగడం పరీక్ష కాదు, వడపోత. ఆ వడపోతలో జారిపోయేది ఇంటికి ఇంగ్లీషు పత్రిక రాని పిల్లలు, కోచింగ్‌కు లక్షలు లేని పిల్లలు.

అడగాల్సినవి అడుగుతున్నాను. కన్సార్షియం క్లాట్‌ను తెలుగులో, మిగతా భారతీయ భాషల్లో పెట్టాలి. ప్రశ్నల సంఖ్య తగ్గించి చదవడానికి సమయం ఇవ్వాలి. ప్రతి ప్యాసేజ్ మీద ఒక్క ప్రశ్నయినా ఆధారం గురించి ఉండాలి: ఈ వాదన నిలబడాలంటే ఇంకా ఏం తెలియాలి, దీన్ని ఏది పడగొడుతుంది అని. మన రెండు ప్రభుత్వాలూ ఇంటర్ ఇంగ్లీషు పేపర్‌ను గైడ్ల నుంచి విడిపించి, పత్రికల వ్యాసాలూ తీర్పుల సారాంశాలూ పాఠాలుగా పెట్టాలి.

మాస్టార్లూ, అమ్మానాన్నలూ ఇవన్నీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వారానికి ఒక్క ఇంగ్లీషు వ్యాసం తీసుకోండి. టైమర్ పెట్టకండి. అదే సంగతి మీద తెలుగు పత్రిక రాసింది కూడా పక్కన పెట్టండి. పిల్లల్ని తెలుగులోనే వాదించుకోనివ్వండి. ఎవరు చెప్తున్నారు, ఆధారం ఏమిటి, ఎవరి మాట ఇందులో లేదు అని అడగండి. వాదన తేలాక తమ తీర్పును ఇంగ్లీషులో పది వాక్యాల్లో రాయమనండి. అలా ఏడాది చేసిన పిల్లకు ఏ ప్యాసేజ్ వచ్చినా భయం ఉండదు, ఎందుకంటే పేరాతో తలపడటం ఆమెకు అలవాటైపోతుంది.

పిల్లలూ, మీకూ ఒక మాట. పరీక్ష హాల్లో రెండు గంటల పాటు వాళ్ళ నిబంధన పాటించండి, సీటు తెచ్చుకోండి. బయట ఉన్న మిగతా కాలమంతా ఆ నిబంధనను తిరస్కరించండి. చదివిన ప్రతి పేరాలో లేనిదాన్ని వెతకండి, రాసినవాణ్ణి నిలదీయండి, మీ ఊరు చూపించిన నిజాన్ని ఏ ఇంగ్లీషు వాక్యానికీ తాకట్టు పెట్టకండి. ప్యాసేజ్‌లో లేనిది ఆలోచించగలిగినవాళ్ళే ఈ దేశానికి న్యాయం చేయగలరు.